లైనక్స్‌లో స్కానర్, పాఠం 4: తీగ నుంచి తెర దాకా ఎక్కడ ఆగింది?

పోయిన పాఠంలో పేజీలు స్కాన్ చేసి పీడీఎఫ్‌గా దాచుకోవడం చూశాం. ఈసారి అసలు స్కానరే కనబడని రోజు సంగతి.

"స్కానర్లు ఏవీ దొరకలేదు" అని రాగానే అందరం చేసే పని ఒకటే: డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కించడం. దయచేసి ఆగండి. లైనక్స్‌లో చాలా స్కానర్ల డ్రైవర్లు సేన్ అనే ఒకే సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉంటాయి. స్కానర్ యాక్సెస్ నౌ ఈజీ అన్నదానికి పొట్టిపేరు అది. అందులో ఒక్కో రకం స్కానర్‌కు ఒక్కో బ్యాకెండ్, అంటే ఆ స్కానర్‌తో మాట్లాడే డ్రైవర్ ముక్క, ఉంటుంది. కాబట్టి డ్రైవర్ ఉందా లేదా అని కాదు, మాట ఎక్కడ ఆగిపోయిందో వెతకాలి.

ఆదేశాలను ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను. టెర్మినల్‌లో ఇంగ్లిష్ చిన్నక్షరాలతో కొట్టండి.

ముందు ఎల్ఎస్‌యూఎస్‌బీ. యూఎస్‌బీకి తగిలించిన పరికరాల జాబితా చూపే ఆదేశం ఇది. స్కానర్ పేరు ఆ జాబితాలో లేకపోతే డ్రైవర్ జోలికి పోకండి. కేబుల్ మార్చండి, హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్‌కే గుచ్చండి. కరెంటు కూడా యూఎస్‌బీ నుంచే తీసుకునే పలచటి స్కానర్లకు హబ్ ఇచ్చే కరెంటు ఒక్కోసారి చాలదు.

పేరు కనబడితే ఇక రెండు ఆదేశాలు. వీటి తేడా తెలిస్తే సగం పాఠం వచ్చినట్టే. సేన్-ఫైండ్-స్కానర్ అనేది "యూఎస్‌బీ మీద స్కానర్ లాంటిది ఏదైనా ఉందా" అని మాత్రమే చూస్తుంది. దొరికినా సరే, దానికి సేన్ మద్దతు ఉండొచ్చు, ఉండకపోవచ్చు అని కింద తనే రాస్తుంది. స్కాన్‌ఇమేజ్ అని కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత, పెద్ద ఎల్ పెడితే "దీనితో మాట్లాడగలిగే బ్యాకెండ్ ఉందా" అని అడిగినట్టు. ఎల్ పెద్దదే కొట్టాలి, అక్కడ చాలామంది తప్పుతారు.

మొదటిదానికి దొరికి రెండోదానికి దొరకలేదా? ఈటీసీ ఫోల్డర్‌లో సేన్.డి, అందులో డీఎల్ఎల్.కాన్ఫ్ ఫైల్ తెరవండి. బ్యాకెండ్ల పేర్లు వరసగా ఉంటాయి. మీ బ్యాకెండ్ పేరు ముందు హ్యాష్ గుర్తు ఉంటే అది నిద్రపోతున్నట్టే. గుర్తు తీసేసి సేవ్ చేయండి. జీటీ68ఎక్స్ఎక్స్, స్నాప్‌స్కాన్ బ్యాకెండ్లు వాడే పాత స్కానర్లలో చాలావాటికి ఫర్మ్‌వేర్ ఫైల్ (స్కానర్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్) కూడా కావాలి. దాన్ని పంచే హక్కు సేన్ వాళ్లకు లేదు కాబట్టి, స్కానర్‌తో వచ్చిన విండోస్ సీడీలోంచి మీరే తీసి పెట్టుకోవాలి. సీడీని పాత సామాన్లవాడికి వేసేసి ఉంటే కొంచెం కష్టమే!

ఇప్పుడు నన్ను రెండు రోజులు ఏడిపించిన మెలిక. అదే స్కాన్‌ఇమేజ్ ఆదేశాన్ని ముందు సుడో (అడ్మిన్ హక్కులతో నడపమనే మాట) చేర్చి కొట్టండి. సుడోతో దొరికి, మామూలుగా దొరకకపోతే డ్రైవర్ శుభ్రంగా ఉందన్నమాట, మీకే అనుమతి లేదు. డెబియన్ తరహా సిస్టమ్‌లలో మీ యూజర్‌ను స్కానర్ అనే గ్రూపులో చేర్చండి. తర్వాత లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. నేను గ్రూపులో చేరి, లాగౌట్ కాకుండా, మారలేదేమిటని మూడుసార్లు డ్రైవర్ ఎక్కించాను. ఆ టెన్షన్ మీకొద్దు. ఎప్పుడూ సుడోతోనే స్కాన్ చేసుకుందాం అని మాత్రం అనుకోకండి. ఫైళ్లన్నీ రూట్ (అడ్మిన్ ఖాతా) పేరు మీద పడి, వాటిని జరపడానికి ఇంకో అవస్థ.

కొత్త ఆల్-ఇన్-వన్ ప్రింటర్ల దారి వేరు. వాటిలో చాలావాటికి కంపెనీ డ్రైవర్ అక్కర్లేదు, సేన్-ఎయిర్‌స్కాన్ ప్యాకేజీ చాలు. యూఎస్‌బీతో కలిపితే, ఆ మిషన్‌ను నెట్‌వర్క్ మిషన్‌లా చూపించే ఐపీపీ-యూఎస్‌బీ అనే సర్వీస్ కూడా నడుస్తుండాలి. ఆ సర్వీస్ మిషన్‌ను తన చేతిలో పెట్టుకుంటే కంపెనీ డ్రైవర్‌కు అది దొరకదు. రెండూ ఎక్కించి "నిన్నటిదాకా బాగానే ఉంది కదా" అనే వాళ్లు ముందు ఇది చూడాలి. ఏదో ఒకటే ఉంచండి.

ఇంటి పని: బాగా పనిచేస్తున్న స్కానర్‌తోనే పై మూడు ఆదేశాలూ కొట్టి, ఏం వచ్చిందో నోట్‌బుక్‌లో రాసుకోండి. రేపు పాడైనప్పుడు పోల్చి చూడటానికి అదే కావాలి. వచ్చే పాఠంలో వైఫై స్కానర్లు, వాటికి అడ్డుపడే ఫైర్‌వాల్.