ఆర్వీ పార్కులో దిగాక: కరెంటు, నీళ్లు, మురుగు గొట్టం

అమెరికాలో ఆర్వీ (లోపలే వండుకుని పడుకునే ఇల్లులాంటి బండి) అద్దెకు తీసుకుని నేషనల్ పార్కులకు బయలుదేరే మన కుటుంబాలు ముందుగా చూసుకోవాల్సింది సైట్‌లో, అంటే బండి నిలిపే చోట, ఏ కనెక్షన్లు ఉన్నాయన్నది. ఎల్లోస్టోన్ లోపల కరెంటు, నీళ్లు, మురుగు మూడూ ఉన్నది ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్కులోనే. గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌లో ట్రైలర్ విలేజ్‌లో దొరుకుతాయి. అక్కడి మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో హుకప్‌లు (ఈ కనెక్షన్లు) లేవు, 30 అడుగులు దాటిన బండిని రానివ్వరు.

సైట్‌లోకి వచ్చాక బండిని లెవెల్ చేసి, చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టి, ఆ తర్వాతే స్లైడ్‌అవుట్లు (బయటికి జరిగి లోపల చోటు పెంచే పక్క భాగాలు) తెరవండి. గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్ ఏటవాలుగా ఉంటే సరిగ్గా చల్లబడదు, చాలాసేపు అలాగే నడిపితే చెడిపోతుంది.

కరెంటుకు: స్తంభం మీది బ్రేకర్ ఆపి, సర్జ్ ప్రొటెక్టర్ పెట్టి, బండి కేబుల్ తగిలించి, చివర్లో బ్రేకర్ వేయండి. 30 ఆంప్స్ కనెక్షన్ అంటే 120 వోల్టుల మీద 3,600 వాట్లు. ఏసీకి దాదాపు 1,500, ఇండక్షన్ స్టవ్‌కు 1,800. రెండూ నడుస్తుండగా రైస్ కుక్కర్ పెడితే బ్రేకర్ పడిపోతుంది. అన్నం వండేసేదాకా ఏసీ ఆపడమే మేలు.

నీళ్ల కుళాయికి ముందు ప్రెషర్ రెగ్యులేటర్, దానికి తాగునీటి తెల్ల గొట్టం. 40–50 పీఎస్ఐ (నీటి ఒత్తిడి కొలత) చాలు; పార్కు ప్రెషర్ ఎక్కువైతే లోపలి పైపుల జాయింట్లు ఊడిపోతాయి. వేడినీళ్ల కుళాయి తిప్పి ధార ఆగకుండా వచ్చేదాకా హీటర్ స్విచ్ ముట్టుకోకండి. ఖాళీ ట్యాంకులో ఎలిమెంట్ వెంటనే కాలిపోతుంది.

అసలు తప్పులు జరిగేది మురుగు దగ్గర. గొట్టం తగిలించేశాం కదా అని టాయిలెట్ నీళ్లు చేరే బ్లాక్ ట్యాంకు వాల్వ్ తెరిచి వదిలేస్తారు. నీళ్లు కారిపోతాయి, ముద్ద మాత్రం లోపలే గుట్టగా పేరుకుని ఎండుతుంది. తర్వాత వాల్వ్ ఎంత లాగినా రాదు. కనీసం మూడింట రెండొంతులు నిండేదాకా మూసే ఉంచండి. మగ్గుతో నీళ్లు వాడే ఇంట్లో ట్యాంకు త్వరగా నిండుతుంది, కానీ అన్ని నీళ్లుంటేనే అది శుభ్రంగా ఖాళీ అవుతుంది. వెట్ వైప్స్ మాత్రం అస్సలు వేయొద్దు.

ఖాళీ చేసే ముందు రోజు, సింకు, స్నానం నీళ్లు చేరే గ్రే ట్యాంకు వాల్వ్ కూడా మూయండి. గ్లవుజులు వేసుకుని, గొట్టానికి వాలు ఉందో చూసి, ముందు బ్లాక్, అది పూర్తయ్యాక గ్రే తెరవండి. సబ్బునీళ్లు గొట్టాన్ని కడిగేస్తాయి. రెండు వాల్వులూ మూసి, బ్లాక్ ట్యాంకులోకి పది లీటర్ల నీళ్లు, ట్యాంకు మందు పోయండి.

గంజి, తాళింపు నూనె సింకులో వంచకండి. గ్రే ట్యాంకులో రెండు రోజులకే పులిసి కంపు బండంతా పడుతుంది. నూనెను టిష్యూతో తుడిచి చెత్తలో వేయండి, తాళింపు పెట్టేటప్పుడు ఫ్యానూ కిటికీ తెరవండి, లేకపోతే పొగ అలారం మోగుతుంది.

రాత్రి గడ్డకట్టే చలి ఉంటే నీటి గొట్టం విప్పి లోపల పెట్టేసి, బండి సొంత ట్యాంకు నీళ్లు పంపుతో వాడుకోండి.