చెంచా మెడ దగ్గరే ఎందుకు విరుగుతోంది? కొత్తగా సుత్తి పట్టినవాళ్లకు సమస్యలు - పరిష్కారాలు

ఇనుప కడ్డీని కొలిమిలో కాల్చి, కొట్టి చెంచా చేస్తుంటే, గుంటా కాడా కలిసే మెడ దగ్గర అది విరిగినప్పుడు మనం ఆఖరి దెబ్బనే అనుమానిస్తాం. కానీ నేను చూసినంతవరకు తప్పు అంతకు ముందే, రెండు మూడుసార్లు వెనక కొలిమిలోంచి తీసి కొట్టినప్పుడే జరిగిపోయి ఉంటుంది. అందుకే కింద ప్రతి సమస్యకూ కారణాన్ని కొంచెం వెనక్కి వెళ్లి వెతికాను.

కొలిమిలో పెట్టగానే తెల్లటి పొగ, పచ్చటి మంట

ఇది కనిపిస్తే వెంటనే పని ఆపేయండి. ఆ కడ్డీకి జింకు పూత ఉంది. జింకు 907 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, కొలిమి వేడి అంతకంటే చాలా ఎక్కువ. ఆ పొగ పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం, ఒళ్లునొప్పులు పట్టుకుంటాయి. గాలి బాగా ఆడే చోటికి వెళ్లండి, జ్వరం వస్తే పొగ పీల్చిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

మనం చేసేది నోట్లో పెట్టుకునే వస్తువు. అందుకని పూత ఉన్న ఇనుము, ఊరూపేరూ తెలియని పాత కడ్డీలు ఈ పనికి వద్దు. లేత్ మీద తేలిగ్గా తెగడానికి 12ఎల్14 లాంటి కొన్ని రకాల ఉక్కులో సీసం కలుపుతారు. దాన్ని చూసి గుర్తుపట్టడం కుదరదు. ఏ రకమో చెప్పి అమ్మే మామూలు మైల్డ్ స్టీల్ 10 లేదా 12 మిల్లీమీటర్ల కడ్డీ కొనుక్కోండి, టెన్షన్ ఉండదు.

మెడ దగ్గర వెంట్రుకంత గీత, వంచితే విరుగుతోంది

ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. కారణం సాధారణంగా దాగలి (ఇనుమును పెట్టి కొట్టే దిమ్మె) అంచు. మెడను సన్నం చేయడానికి పదునైన అంచు మీద పెట్టి కొడితే ఇనుములో మెట్టులాంటి గాడి పడుతుంది. తర్వాతి దెబ్బలకు ఆ మెట్టు పక్కకు ఒరిగి మడతపడుతుంది. మడత లోపల, వేడికి ఇనుము మీద ఏర్పడే నల్లటి పొలుసు ఉంటుంది కాబట్టి రెండు పొరలూ అతుక్కోవు. పైకి నునుపుగానే ఉంటుంది, లోపల మాత్రం చీలిక అలాగే ఉండిపోతుంది.

మడతను వేడి మీదే పట్టుకోవచ్చు. కడ్డీని కొలిమిలోంచి తీసి, ఇనుప తీగల బ్రష్‌తో ఒకసారి గట్టిగా రుద్ది, నీడలో పెట్టి చూడండి. నారింజ రంగులో వెలుగుతున్న మెడకు అడ్డంగా నల్లదారం పడుకున్నట్టు ఒక గీత కనిపిస్తే అదే మడత. కొట్టి దాన్ని మూసేద్దామనుకుంటే ఇంకా లోపలికి పోతుంది. కడ్డీని నెమ్మదిగా చల్లారనిచ్చి, గీత అడుగు కనిపించేదాకా ఆకురాయితో అరగదీసి, వాలుగా నునుపు చేసి, అప్పుడు మళ్లీ కొలిమిలో పెట్టండి.

మళ్లీ రాకుండా ఉండాలంటే దాగలి అంచులో ఒక జానెడు మేర 5, 6 మిల్లీమీటర్ల వ్యాసార్థంతో గుండ్రంగా గ్రైండ్ చేసుకోండి. మెడ పని ఎప్పుడూ ఆ చోటే చేయండి.

గుంట అంచులు ముడతపడటం, చిరగడం

ముడతకు కారణం తొందర. మొదటి దెబ్బలకే మధ్యలో లోతుగా దించేస్తే, చుట్టూ ఉన్న రేకుకు (పలచగా సాగగొట్టిన కడ్డీ చివరకు) ఎటు పోవాలో తెలియక ముడుచుకుంటుంది. దెబ్బలు అంచు నుంచి మధ్యకు వలయాలుగా, తేలిగ్గా పడాలి. చెక్క దుంగలో చెక్కిన గుంట, ఒకవైపు గుండ్రటి తల ఉండే బాల్ పీన్ సుత్తి చాలు. ముడత చిన్నగా ఉన్నప్పుడే తట్టి సర్దేయండి. ఒకసారి మడతపడిందంటే ఇక బాగుపడదు.

చిరుగుకు కారణం రేకు చల్లారిపోవడం. 2 మిల్లీమీటర్ల రేకు దాగలికి తగిలిన కొన్ని క్షణాల్లోనే నల్లబడుతుంది. ఇనుము కాలినప్పుడే సాగగొట్టాలని ఊరికే అనలేదు. రంగు మసక ఎరుపుకు రాగానే సుత్తి దించేయండి. అంచు అప్పటికే చిరిగి ఉంటే, ఆ ముక్కను ఆకురాయితో గుండ్రంగా తీసేసి ముందుకు వెళ్లండి. చెంచా కాస్త చిన్నదవుతుంది, అంతే.

ఫోర్క్ పళ్ల మొదట్లో చీలిక

హ్యాక్సాతో కోసిన గాడి అడుగు మూలలుగా ఉంటుంది, చీలిక అక్కడే మొదలవుతుంది. ముందు గాడి ఆగాల్సిన చోట 3 మిల్లీమీటర్ల రంధ్రం డ్రిల్ చేసి, అక్కడిదాకా కోయండి. పళ్లు ఒకటి లావుగా, ఒకటి సన్నగా వస్తుంటే గుర్తులు సుద్దతో కాకుండా పంచ్‌తో పెట్టండి. సుద్ద గీత కొలిమిలో నిలవదు.

కాడ చివర చేప నోరులా తెరుచుకోవడం

గుండ్రటి కడ్డీని గుండ్రంగానే సాగదీస్తే పై పొర ముందుకు జరుగుతుంది, నడిమి ఇనుము వెనకబడుతుంది. ముందు నలుపలకలు, తర్వాత ఎనిమిది పలకలు, చివర్లో గుండ్రం చేయండి. మొనను మొదటే మొద్దుగా కూచి చేసుకుంటే ఇంకా మంచిది. తెరుచుకున్న నోటిని మాత్రం కోసేయాల్సిందే.

కొలిమిలో చుక్కల్లా మెరుపులు

ఉక్కు కాలిపోయింది. ఆ ముక్క కోసి పడేయండి.

పూర్తయిన చెంచాకు గుంతలు, తుప్పు, ఇనుప రుచి

గుంతలు పొలుసు వల్ల వస్తాయి. బ్రష్ చేయకుండా కొడితే సుత్తి ఆ పొలుసును ఇనుములోకి దిగ్గొడుతుంది. కొలిమిలోంచి తీసిన ప్రతిసారీ బ్రష్ చేశాకే మొదటి దెబ్బ వేయండి. చివర్లో మిగిలిన పొలుసు పోవడానికి రాత్రంతా వెనిగర్‌లో ఉంచి, పొద్దున బాగా తోమి, సోడా ఉప్పు కలిపిన నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టండి. తడి ఉంటే అప్పటికప్పుడే తుప్పు పడుతుంది.

తర్వాత వంటకు వాడే అవిసె నూనెను పూసి, మళ్లీ తుడిచేసినంత పలచగా ఉంచి, సుమారు 200 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో గంటసేపు కాల్చండి. ఇలా మూడు నాలుగు పూతలు వేయాలి. రంగులు వేసేవాళ్లు వాడే అవిసె నూనె వద్దు, త్వరగా ఆరడానికి అందులో లోహపు లవణాలు కలుపుతారు. జిగటగా వస్తే నూనె ఎక్కువైందని అర్థం. తోమేసి మళ్లీ పలచగా పూయండి. పులుపు ఈ పూతను తినేస్తుంది, కాబట్టి చెంచాను పుల్లటి కూరలో వదిలేయకండి. ఇనుప రుచి తగిలిన రోజు ఇంకో పూత వేసుకోండి.