నిశ్చితార్థపు ఉంగరానికి వజ్రాన్ని ఎలా ఎంచుకోవాలి?

ఒకే బరువున్న రెండు వజ్రాల్లో ఒకటి రెండోదానికి రెట్టింపు ధర పలకడం మామూలే. ఎందుకంత తేడా అని అడిగితే సర్టిఫికెట్ తీసి చూపిస్తారు. అందులోని అక్షరాలు, అంకెలు అర్థం కాకపోతే తలూపడం తప్ప మరేమీ చేయలేం. ఆ ధరలో కొంత కంటికి కనిపించే అందానికి, కొంత భూతద్దంలో తప్ప కనిపించని తేడాలకు. వేలికి పెట్టుకునే ఉంగరం కోసం మొదటిదానికే డబ్బు పెట్టాలని నా గట్టి అభిప్రాయం. ఈ రెండింటినీ వేరుచేసి చూడటం ఎలాగో వరుసగా చెబుతాను.

1. ముందు విలువ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోండి

వజ్రమంటే కర్బనమే. సహజ వజ్రాల్లో ఎక్కువ భాగం భూమి లోపల 150 కిలోమీటర్లు, అంతకు మించిన లోతులో విపరీతమైన వేడికీ ఒత్తిడికీ రూపుదిద్దుకుని, అగ్నిపర్వత విస్ఫోటాలతో పైకి వచ్చాయి. గనుల్లో దొరికినవాటిలో నగలకు పనికొచ్చేవి కొన్నే. మిగిలినవి కోత, రాపిడి పనిముట్లకు పోతాయి.

అయితే ధరను ప్రకృతి ఒక్కటే నిర్ణయించలేదు. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం ముడి వజ్రాల సరఫరాలో అధిక భాగం డీ బీర్స్ సంస్థ చేతిలో ఉండేది. వజ్రం శాశ్వతమన్న ప్రచార వాక్యాన్ని ఆ సంస్థ కోసం 1947లో రాశారు. నిశ్చితార్థపు ఉంగరంలో వజ్రమే ఉండాలన్న భావన అంతగా పాతుకుపోవడంలో ఆ ప్రచారం పాత్ర చాలా పెద్దది. ఇది తెలుసుకుంటే ఒక మేలుంది: వజ్రాన్ని పెట్టుబడిగా చూడటం మానేస్తాం. దుకాణంలో కొన్న ఉంగరాన్ని తిరిగి అమ్మబోతే పెట్టిన ధర రావడం అరుదు. ఇష్టపడి పెట్టుకోవడానికే కొనండి.

2. అన్నిటికంటే ముందు కట్ చూడండి

చాలామంది మొదట అడిగేది ‘ఎన్ని క్యారెట్లు?’ అని. మొదట అడగవలసింది ‘కట్ ఎలా ఉంది?’ అని. వజ్రం రంగు, లోపలి మచ్చలు ప్రకృతి ఇచ్చినవి. మెరుపు మాత్రం చాలావరకు సానపట్టినవారి చేతి చలవే.

కట్ అంటే గుండ్రం, చతురస్రం వంటి ఆకారం కాదు. ముఖాలను ఏ కోణంలో, ఏ నిష్పత్తిలో చెక్కారన్నది. వజ్రపు వక్రీభవన గుణకం సుమారు 2.42. అంటే లోపలికి వెళ్లిన కాంతి బాగా వంగుతుంది. కింది భాగపు కోణాలు సరిగ్గా ఉంటే ఆ కాంతి లోపలే ఒక గోడ నుంచి మరో గోడకు తగిలి, పైనుంచి మళ్లీ మన కంటికి చేరుతుంది. కోణం తప్పితే కిందినుంచో పక్కనుంచో జారిపోతుంది. ఈ లెక్కలను వజ్రాల కోత కుటుంబంలో పుట్టిన ఇంజినీర్ మార్సెల్ టోల్కోవ్‌స్కీ 1919లో ప్రచురించారు. నేటి గుండ్రని బ్రిలియంట్ కట్‌కు, అంటే 57 లేదా 58 ముఖాలుండే వజ్రానికి, ఇప్పటికీ ఆ లెక్కలే ఆధారం.

ఇది కంటితో పట్టుకోవచ్చు. రాయిని పైనుంచి తిన్నగా చూడండి. నడిమధ్యన నల్లటి గుంటలా కనిపిస్తే కింది భాగం మరీ లోతుగా ఉన్నట్టు. పైనున్న పెద్ద పలక చుట్టూ లోపల బూడిదరంగు వలయం కనిపిస్తే మరీ పలచగా చెక్కినట్టు. తర్వాత మెల్లగా అటూ ఇటూ వంచండి. తెల్లని మెరుపులూ రంగురంగుల తళుకులూ రాయి అంతటా సమంగా కదలాలి. ఎక్కడో ఒక మూల మాత్రమే వెలిగి, మిగతాది నిస్తేజంగా ఉంటే వద్దనండి.

ఈ పరీక్ష దుకాణపు దీపాల కింద చేసి ఊరుకోకండి. ఆ దీపాల కింద నాసిరకం రాయి కూడా జిగేల్మంటుంది. కిటికీ దగ్గరకు తీసుకెళ్లి పగటి వెలుగులో ఒకసారి, దీపాలకు దూరంగా నీడలో ఒకసారి చూడండి. ఉంగరం ఎక్కువ కాలం ఉండేది అలాంటి వెలుతురులోనే. ఇందుకు అభ్యంతరం చెప్పే చోట కొనకండి.

గుండ్రని సహజ వజ్రమైతే జీఐఏ (వజ్రాలను పరీక్షించి శ్రేణి ఇచ్చే అమెరికా సంస్థ) సర్టిఫికెట్‌లో కట్‌కు ఎక్సలెంట్ నుంచి పూర్ వరకు ఐదు శ్రేణులుంటాయి. ఎక్సలెంట్‌కు తగ్గకండి. బడ్జెట్ తక్కువైతే బరువు తగ్గించుకోండి తప్ప కట్‌లో రాజీ వద్దు. అండాకారం, బాదం ఆకారం, నీటిచుక్క ఆకారం వంటివాటికి ఒకే ఆదర్శ కొలత లేదు కాబట్టి అక్కడ కంటి పరీక్షే దిక్కు. వాటిలో నడుమ అడ్డంగా బో టై ఆకారంలో నల్లని నీడ పడుతుంది. కొద్దిగా ఉంటే ఫరవాలేదు, కొట్టొచ్చినట్టు కనిపిస్తే మరొకటి చూడండి.

3. రంగు, స్వచ్ఛతల్లో ఎక్కడ ఆగాలో తేల్చుకోండి

రంగుకు డి నుంచి జెడ్ వరకు అక్షరాలుంటాయి. డి అంటే ఏ ఛాయా లేనిది. కిందికి వెళ్లేకొద్దీ పసుపు లేదా గోధుమ ఛాయ పెరుగుతుంది. పక్కపక్క శ్రేణుల తేడాను విడి రాళ్లను పక్కపక్కన పెట్టి పోల్చే నిపుణులు పట్టుకుంటారు. ఉంగరంలో పొదిగాక మామూలు కంటికి అది అందడం కష్టం. ప్లాటినం, తెల్ల బంగారంలో జి, హెచ్ చక్కగా తెల్లగా కనిపిస్తాయి. పసుపు బంగారమైతే ఐ, జె కూడా బాగుంటాయి, ఎందుకంటే ఆ లోహపు రంగే రాయిలోకి ప్రతిఫలిస్తుంది.

స్వచ్ఛతను పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో నిర్ణయిస్తారు. ఏ మచ్చా లేనివి పై కొసన ఉంటాయి. ఆ తర్వాత మచ్చలు పెరిగే వరుసలో వీవీఎస్, వీఎస్, ఎస్ఐ, ఐ శ్రేణులు (ఈ ఐ, రంగులోని ఐ వేరు). పక్కన అంకె ఉంటే 1 కంటే 2 ఒక మెట్టు కింద. వీఎస్2 వజ్రంలో మచ్చలు సాధారణంగా ఒట్టి కంటికి కనిపించవు. ఎస్ఐ1లోనూ చాలా రాళ్లు అలాగే ఉంటాయి, కానీ మచ్చ సరిగ్గా మధ్యన నల్లగా ఉందా, అంచున తెల్లగా ఉందా చూసుకోవాలి. పొడవైన మెట్లలా చెక్కే ఎమరాల్డ్ కట్ మచ్చల్ని దాచదు. దానికి మాత్రం ఒక మెట్టు పైకి వెళ్లండి.

4. క్యారెట్ లెక్కలో మెలిక గమనించండి

ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాములు, అంటే 100 సెంట్లు. ఇది బరువే, పరిమాణం కాదు. సరిగ్గా చెక్కిన ఒక క్యారెట్ గుండ్రని వజ్రం వ్యాసం సుమారు 6.5 మిల్లీమీటర్లు. రెండు క్యారెట్లదైతే 8.2. బరువు రెట్టింపైనా వెడల్పు పావువంతే పెరిగింది. ధర మాత్రం రెట్టింపును మించుతుంది, ఎందుకంటే పెద్ద రాళ్లు అరుదు.

అరక్యారెట్, ఒక క్యారెట్ వంటి గుండు అంకెల దగ్గర ధర ఒక్కసారిగా ఎగబాకుతుంది. 0.92 క్యారెట్ల రాయికీ ఒక క్యారెట్ రాయికీ వ్యాసంలో తేడా 0.2 మిల్లీమీటర్లు కూడా ఉండదు. వేలి మీద ఎవరూ పోల్చుకోలేరు. మీకు అంకె ముఖ్యం కాకపోతే అక్కడ మంచి ఆదా ఉంది. ఇక, బరువు నిలబెట్టుకోవడానికి నడుము అంచును, అంటే రాయి చుట్టూ అన్నిటికంటే వెడల్పుగా ఉండే అంచును, మందంగా వదిలేసిన రాళ్లూ ఉంటాయి. అందుకే సర్టిఫికెట్‌లో బరువుతో పాటు మిల్లీమీటర్లు కూడా చదవండి.

5. సహజమా, ప్రయోగశాలలో పెంచినదా?

ప్రయోగశాల వజ్రం నకిలీ కాదు. అదే కర్బనం, అదే స్ఫటిక నిర్మాణం. కంటికీ భూతద్దానికీ తేడా దొరకదు, ప్రత్యేక పరికరాలు కావాలి. వజ్రంలా కనిపించే క్యూబిక్ జిర్కోనియా, మోయ్‌సనైట్ మాత్రం వేరే పదార్థాలు. ప్రయోగశాల వజ్రాల ఉత్పత్తి పెరిగేకొద్దీ ధరలు బాగా పడిపోయాయి. అదే డబ్బుకు పెద్ద రాయి, మంచి కట్ వస్తాయి. తిరిగి అమ్మితే వచ్చేది మాత్రం చాలా తక్కువ. రెండింటిలో ఏది తీసుకున్నా తప్పు లేదు. ఏది కొంటున్నారో బిల్లు మీద స్పష్టంగా రాయించుకోవడం మరవకండి. పెట్టుకునే వ్యక్తి మనసులో ఏముందో ముందే కనుక్కోవడం ఇంకా ముఖ్యం.

6. కాగితాన్నీ రాయినీ సరిపోల్చండి

అమ్మేవారు రాసిచ్చిన సర్టిఫికెట్ కాకుండా జీఐఏ వంటి స్వతంత్ర ప్రయోగశాల నివేదికే అడగండి. ఒకే రాయికి అన్ని ప్రయోగశాలలూ ఒకే శ్రేణి ఇవ్వవు. నివేదిక సంఖ్యను ఆ ప్రయోగశాల వెబ్‌సైట్‌లో సరిచూడండి. చాలా రాళ్లకు నడుము అంచున లేజర్‌తో ఆ సంఖ్య చెక్కి ఉంటుంది. భూతద్దంలో మీరే చదవండి. పగుళ్లను గాజులాంటి పదార్థంతో పూడ్చిన వజ్రాలు చౌకగా దొరుకుతాయి కానీ, మరమ్మతు సమయంలో తగిలే వేడికి ఆ పూడిక పాడవుతుంది.

7. పొదగడంపై చివరి చూపు

వజ్రాన్ని గీయడం కష్టమే కానీ, కొన్ని దిశల్లో గట్టి దెబ్బ తగిలితే చీలుతుంది. చేతులతో ఎక్కువ పనిచేసేవారికి రాయి చుట్టూ లోహపు అంచు ఉండే ఉంగరం భద్రం. లోహపు కొనలు పట్టి ఉంచే రకమైతే నాలుగు కంటే ఆరు మేలు. ఏడాదికోసారైనా ఆ కొనలు వదులయ్యాయేమో నగల పనివారితో చూపించండి. వజ్రానికి జిడ్డు ఇట్టే అంటుకుని మెరుపు తగ్గుతుంది. గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా గిన్నెలు కడిగే ద్రవం వేసి నానబెట్టి, మెత్తని బ్రష్‌తో ముఖ్యంగా అడుగువైపు రుద్దితే చాలు.