గిట్‌ఇగ్నోర్‌లో చేర్చినా ఫైళ్లు వస్తూనే ఉంటే

సమస్య: ఫైళ్లలో మార్పుల చరిత్రను భద్రపరిచే సాధనం గిట్. ఏ ఫైళ్లను పట్టించుకోవద్దో దానికి చెప్పే జాబితా డాట్ గిట్‌ఇగ్నోర్. వద్దనుకున్న ఫైల్ పేరును అందులో చేర్చారు, అయినా ‘గిట్ స్టేటస్’ జాబితాలో అది కనిపిస్తూనే ఉంది.

ముందుగా చూడవలసింది: గిట్‌ఇగ్నోర్‌లో రాసిన వరుసను, అంటే నియమాన్ని, తిరగరాసే ముందు ‘గిట్ ఎల్‌ఎస్-ఫైల్స్’ పక్కన ఆ ఫైల్ పేరు ఇచ్చి చూడండి. పేరు తిరిగి వస్తే, గిట్ ఆ ఫైల్‌ను ఇప్పటికే ట్రాక్ చేస్తోంది, అంటే దాని మార్పులను గమనిస్తోంది. ఇగ్నోర్ నియమాలు ట్రాక్ కాని ఫైళ్లకే వర్తిస్తాయి కనుక, స్టార్లనూ స్లాష్‌లనూ ఎన్ని విధాలుగా మార్చినా ఫలితం ఉండదు. అయినా అందరూ మొదట చేసేది ఆ పనే. ‘గిట్ ఆర్‌ఎం --క్యాష్డ్’ పక్కన ఫైల్ పేరు ఇచ్చి కమిట్ చేస్తే (ఆ మార్పును చరిత్రలో నమోదు చేస్తే) సరిపోతుంది. ఫైల్ మీ డిస్క్‌లో ఉంటుంది కానీ, ఆ కమిట్‌ను పుల్ చేసుకున్న (తమ కంప్యూటర్‌లోకి తెచ్చుకున్న) వారి ఫోల్డర్లలోంచి తొలగిపోతుంది కాబట్టి వారికి ముందే చెప్పాలి.

ట్రాక్ కాని ఫైల్ కూడా ఆగకపోతే: ‘గిట్ చెక్-ఇగ్నోర్ -వి’ పక్కన ఫైల్ పేరు ఇస్తే, ఏ ఫైల్‌లోని ఎన్నో వరుస వర్తించిందో తెలుస్తుంది. స్పెల్లింగ్ సరిగానే ఉన్నా అది ఏమీ చూపకపోతే, ఆ గిట్‌ఇగ్నోర్ ఎలా పుట్టిందో ఆరా తీయండి. విండోస్‌లో ఆదేశాలు టైప్ చేసే పవర్‌షెల్ 5.1లో ఎకో చేసి ‘>’ గుర్తుతో సృష్టించిన ఫైల్ మామూలు యూటీఎఫ్-8లో కాక యూటీఎఫ్-16 అనే ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతిలో) సేవ్ అవుతుంది. అందులో ప్రతి ఇంగ్లీషు అక్షరం వెనుక ఒక సున్నా బైటు ఉంటుంది. ఎడిటర్ దాన్ని చక్కగా చూపిస్తుంది, గిట్ మాత్రం ఒక్క నియమాన్నీ గుర్తించదు. కంటికి ఏ లోపమూ కనబడదు కనుకనే ఇది రోజంతా తినేస్తుంది. అంతకంటే చిక్కైనది ‘>>’: పాత యూటీఎఫ్-8 ఫైల్ చివర కొత్త వరుసను యూటీఎఫ్-16లో అతికిస్తుంది కాబట్టి, పాత నియమాలు పనిచేస్తూ కొత్తది మాత్రమే పనిచేయదు. దీన్ని పట్టించే ఆనవాలు ఒకటుంది: ‘గిట్ డిఫ్’ ఆ ఫైల్‌ను టెక్స్ట్‌గా చూపకుండా బైనరీ అంటుంది. ఫైల్ మొత్తం యూటీఎఫ్-16లో ఉంటే, వీఎస్ కోడ్‌లో కింది పట్టీలోని ఎన్‌కోడింగ్ పేరు మీద నొక్కి యూటీఎఫ్-8గా సేవ్ చేయాలి. చివరి వరుస ఒక్కటే చెడితే దాన్ని తొలగించి ఎడిటర్‌లోనే మళ్లీ టైప్ చేయాలి.

మిగతావి అరుదు. నియమం ఉన్న వరుసలోనే హ్యాష్‌తో వ్యాఖ్య రాస్తే అదీ నియమంలో భాగమైపోతుంది. వ్యాఖ్యకు వేరే వరుస ఉండాలి. ఫోల్డర్ మొత్తాన్నీ మినహాయించాక, అందులోని ఫైల్‌ను, నియమం ముందు పెట్టే ఆశ్చర్యార్థకంతో (!) వెనక్కి తేలేరు. ఇక కమిట్ అయిన ఫైల్‌లో పాస్‌వర్డ్ ఉంటే అది గిట్‌ఇగ్నోర్ సమస్యే కాదు. పాత కమిట్లలో అది అలాగే ఉంటుంది కనుక ముందు ఆ పాస్‌వర్డ్‌ను మార్చండి.