చూశారు కానీ జవాబు లేదు: యువ వ్యాపారులకు తరాల మధ్య మాట తేడాలు, సమస్య - పరిష్కారం

ఇరవైల్లో, ముప్పైల్లో సొంత వ్యాపారం పెట్టినవాళ్ళది ఒక రకం ఇరకాటం. సరుకు ఇచ్చేవాళ్ళు, అప్పు ఇచ్చేవాళ్ళు, లెక్కలు చూసేవాళ్ళు చాలావరకు వయసులో పెద్దవాళ్ళు. దగ్గర పనిచేసేవాళ్ళేమో ఒక్కోసారి తమకంటే పదేళ్ళు చిన్న. ఒకరితో ఫోన్‌లో ఓపిగ్గా మాట్లాడాలి, ఇంకొకరికి రెండు ముక్కల మెసేజ్‌లో పని చెప్పాలి. ఎక్కడో ఒకచోట తేడా కొడుతుంది. కొట్టగానే "ఆయనకి మనమంటే లెక్కలేదు" అనో, "ఈ పిల్లలకి పద్ధతి తెలీదు" అనో అనేసుకుంటాం. ఆ మాట అనే ముందు ఏ విషయం ఏ దారిలో చెప్పాలో ఇద్దరూ ఎప్పుడైనా మాట్లాడుకున్నారా అని చూడండి. మాట్లాడుకుని ఉండరు.

తరాల పేర్లను మాత్రం మరీ నమ్మకండి. అమెరికాలో సర్వేలు చేసే ప్యూ రీసెర్చ్ సెంటర్ లెక్కలో 1996లో పుట్టినవాళ్ళు మిలీనియల్స్, 1997లో పుట్టినవాళ్ళు జెన్ జీ. ఒక్క ఏడాది తేడాతో మనిషి మాట తీరు మారిపోదు కదా. ఆ సంస్థే 2023లో ఈ పేర్లను ఇకమీద ఆచితూచి వాడతామని చెప్పింది.

సమస్య: మెసేజ్ చూశారు, రెండు రోజులైనా జవాబు లేదు

కారణం: మీ దృష్టిలో మెసేజ్ పంపడమంటే పని అప్పగించడం. పంపగానే బాధ్యత అవతలివాళ్ళ మీదకి వెళ్ళిపోయిందనుకుంటారు. ఫోన్‌లో మాట్లాడే వ్యాపారం పెంచుకున్న పెద్దవాళ్ళు అలా అనుకోరు. మెసేజ్ చదివి, విషయం తెలిసింది అనుకుని పక్కన పెడతారు. అంత అవసరమైతే ఫోన్ చేస్తారులే అన్నది వాళ్ళ ధీమా. వాట్సాప్ 2014 నవంబరులో నీలం టిక్కులు తెచ్చేదాకా "ఇంకా చూసి ఉండరు" అని సరిపెట్టుకునే వీలుండేది. ఇప్పుడు చూశారని తెలిసిపోతుంది. ఎందుకు పలకలేదో తెలీదు. ఇక మొదలవుతుంది టెన్షన్.

ఇంకో కారణం మీ మెసేజ్‌లోనే ఉండొచ్చు. "సర్, ఆ రేటు సంగతి ఒకసారి చూడండి" అని పెడితే అందులో ప్రశ్న లేదు, గడువు లేదు. ఆయన చూశారు. మీరు అడిగింది అదే.

పరిష్కారం: ఒక మెసేజ్‌లో ఒక్కటే అడగండి, ఎప్పటిలోగా కావాలో రాయండి. "500 పీసులకి నిన్న చెప్పిన రేటే ఖాయమైతే రేపు మధ్యాహ్నానికల్లా అడ్వాన్స్ వేస్తాను. ఖాయమేనా?" అంటే అవుననో కాదనో చెప్పక తప్పదు. గడువు దాటితే రిమైండర్ మీద రిమైండర్ పెట్టకండి, ఫోన్ చేయండి. మాట్లాడిన వెంటనే "ఇప్పుడు అనుకున్నది ఇదీ" అని రెండు లైన్లు రాసి పంపండి. ఈ రెండు లైన్ల అలవాటు ఒక్కటే వచ్చినా, తర్వాత "నేనలా అనలేదే" అనే గొడవలు చాలా తగ్గుతాయి.

కొత్త పరిచయమైతే మొదటి రోజే అడిగేయండి: "మీకు ఫోన్ వీలా, మెసేజ్ వీలా?" జవాబుని ఫోన్‌లో వాళ్ళ పేరు పక్కనే రాసుకోండి.

సమస్య: చెప్పాపెట్టకుండా ఫోన్ చేస్తారు, పని మధ్యలో ఆగిపోతుంది

కారణం: ముందు మెసేజ్ పెట్టి, వీలు కనుక్కుని, అప్పుడు ఫోన్ చేయడం మీకు మర్యాద. పెద్దవాళ్ళకి నేరుగా ఫోన్ చేయడమే మర్యాద. పైగా ఆ పది నిమిషాల్లో రేటొక్కటే కాదు, మిమ్మల్ని కూడా తూకం వేస్తుంటారు. గొంతులో తడబాటుందా, ఇస్తానన్న తేదీ మీద నమ్మకంగా ఉన్నారా అన్నది మెసేజ్‌లో తెలీదు.

పరిష్కారం: ఏ టైమ్‌లో చేయొచ్చో ముందే చెప్పండి. "పదకొండు నుంచి పన్నెండు మధ్య ఎప్పుడు చేసినా ఎత్తుతాను" అనండి, నిజంగానే ఎత్తండి. రెండుసార్లు ఎత్తకపోతే ఆ మాటకి విలువ పోతుంది. మిస్డ్ కాల్‌కి "చెప్పండి" అని మెసేజ్ కొట్టే అలవాటుంటే ఈరోజే మానేయండి. పెద్దవాళ్ళకి చిర్రెత్తించేది అంతకన్నా లేదు. పనిలో ఉంటే "నాలుగింటికి నేనే చేస్తాను" అని రాసి, నాలుగింటికి చేయండి.

రేటు బేరం, ఆలస్యానికి క్షమాపణ, చెడు కబురు: ఈ మూడింటికీ మెసేజ్ ఎంత బాగా రాసినా పనికిరాదన్నది నా అభిప్రాయం.

సమస్య: థంబ్స్ అప్ పెట్టారు, తర్వాత ఒప్పుకోలేదంటున్నారు

కారణం: ఆ బొమ్మ ఒకరికి "అందింది", ఇంకొకరికి "ఒప్పుకున్నాను". దీని మీద కెనడాలో కోర్టు కేసే నడిచింది. సస్కాచెవాన్ రాష్ట్రంలో 2021లో ధాన్యం కొనే సంస్థ ఒకటి అవిసె గింజల ఒప్పందాన్ని ఫోటో తీసి రైతుకి పంపి, ఖాయం చేయమంది. రైతు థంబ్స్ అప్ పెట్టాడు. సరుకు రాలేదు, ఈలోగా ధర పెరిగింది. అందిందని చెప్పడానికే అది పెట్టానని రైతు వాదన. ఆ బొమ్మ సంతకంతో సమానమేనని 2023లో కోర్టు తేల్చి, 82,000 కెనడా డాలర్లకు పైగా నష్టపరిహారం కట్టమంది. 2024లో అప్పీలు కోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది. జడ్జి బొమ్మ ఒక్కదాన్నే చూడలేదు. అంతకుముందు ఆ ఇద్దరి మధ్య ఒప్పందాలు "ఓకే" లాంటి చిన్న చిన్న జవాబులతోనే ఖాయమై, సరుకు కూడా చేరేది. అంటే మీరు రోజూ ఎలా జవాబిస్తారో అదే రేపు మీ మీద సాక్ష్యం కావచ్చు.

పరిష్కారం: డబ్బు, తేదీ, పరిమాణం ఉన్న ఏ మెసేజ్‌కీ బొమ్మతో జవాబివ్వకండి. "అందింది, చదివి సాయంత్రం చెబుతాను" అనో, "ఒప్పుకుంటున్నాను, పంపండి" అనో మాటల్లో రాయండి. అవతలివాళ్ళు బొమ్మ పెడితే "ఖాయం అనుకుని పని మొదలుపెట్టమంటారా?" అని అడగండి. మీ స్టాఫ్‌కి కూడా ఈ రూలే పెట్టండి. వాళ్ళ వేలు మీకంటే వేగంగా ఆ బొమ్మ మీదకి పోతుంది.

సమస్య: "సరే." అని వచ్చింది. కోపం వచ్చిందా?

కారణం: చుక్క. అమెరికాలోని బింగ్‌హామ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో దీన్ని పరీక్షించారు. ఒక్క మాట జవాబు చివర చుక్క ఉంటే, ఫోన్ మెసేజ్‌లో అది మనస్ఫూర్తిగా అన్న మాటలా విద్యార్థులకి అనిపించలేదు. అదే జవాబు చేత్తో రాసిన చీటీలో ఉంటే చుక్క వల్ల ఏ తేడా రాలేదు. ఉత్తరాలు రాసిన చెయ్యి వాక్యం ముగిస్తే చుక్క పెడుతుంది, అంతే. మూడు చుక్కలదీ ఇదే కథ. ఆయన ఊపిరి తీసుకున్నారు, మీకు బెదిరింపులా కనిపించింది.

పరిష్కారం: చుక్కల్ని పట్టించుకోవడం మానేయండి. ఆ మనిషి పాత మెసేజ్‌లు నాలుగు పైకి జరిపి చూడండి. అన్నిటికీ చుక్క ఉంటే అది అలవాటు. ఎప్పుడూ నాలుగు లైన్లు రాసే మనిషి హఠాత్తుగా ముక్తసరిగా రాస్తే మాత్రం ఫోన్ చేయాల్సిందే. మీ జోకులు కూడా మీరు అనుకున్నంత బాగా చేరవు. మెయిల్‌లో వెటకారం అవతలివాళ్ళకి అర్థమైపోతుందని రాసేవాళ్ళు అతిగా నమ్ముతారని 2005లోనే మనస్తత్వ పరిశోధకులు జస్టిన్ క్రూగర్, నికోలస్ ఎప్లీ బృందం తేల్చింది. కస్టమర్‌తో వెటకారం వద్దు.

చిన్న చిన్నవి

ఆరు నిమిషాల వాయిస్ నోట్: వినేవాళ్ళు మీటింగ్‌లో ఉండొచ్చు, అంకెలు వెతకాలంటే మళ్ళీ మొదటినుంచి వినాలి. వాయిస్ పంపినా అంకెలు, తేదీలు కింద టైప్ చేయండి.

రాత్రి పదకొండింటికి స్టాఫ్‌కి మెసేజ్: మీకు గుర్తొచ్చిన వేళ అది, వాళ్ళకి ఆర్డర్‌లా వినిపిస్తుంది. జీమెయిల్‌లో 2019 నుంచి వేళ పెట్టి పంపే సౌకర్యం ఉంది. వాడండి.

స్టాఫ్ కస్టమర్లకి ఫోన్ చేయడానికి జంకుతారు: బద్ధకం అనుకోకండి. చాలామందికి ఆ అలవాటే లేదు. మొదటి రెండు వాక్యాలు రాసివ్వండి, మొదట్లో కొన్ని కాల్స్‌కి పక్కన కూర్చోండి.

సమస్య: "మీ పెద్దవాళ్ళెవరైనా ఉంటే మాట్లాడించండి"

కారణం: కొంత వయసు చూసి, కొంత మీరే ఇచ్చిన అలుసు. ప్రతి ప్రశ్నకీ "కనుక్కుని చెబుతాను" అంటే, నిర్ణయించేది ఇంకెవరో అనుకోరా?

పరిష్కారం: మాట్లాడే ముందే ఎంత తగ్గగలరో, ఎప్పటికి ఇవ్వగలరో అంకెలు దగ్గర పెట్టుకోండి. మీ చేతిలో ఉన్న విషయం అక్కడికక్కడే తేల్చండి. అప్పటికీ తీరు మారకపోతే అది చిన్నచూపే. దానికి మెసేజ్ మార్చి లాభం లేదు, సప్లయర్‌ని మార్చాలి.

ఏదీ పనిచేయకపోతే

పాత మెసేజ్‌లు తిరగేసి ఒకటి గమనించండి. అదే మనిషి, అదే వాట్సాప్. కొత్త ఆర్డర్ గురించి అడిగితే ఐదు నిమిషాల్లో జవాబు, బిల్లు పంపితే రెండు వారాల మౌనం. ఇలా ఉంటే తరాల తేడా కాదు. ఫోన్, మెసేజ్ ప్రయోగాలు ఆపి, తర్వాతి ఆర్డర్‌కి అరువు గడువు తగ్గించండి, లేదా సగం సొమ్ము ముందే తీసుకోండి.