వాన మొదలయ్యేలోపే: చెన్నైలో ల్యాప్‌టాప్ కొనేవారికి, ఇంట్లో వైఫై పెట్టించుకునేవారికి జాగ్రత్తలు

చెన్నైలో ఏడాదంతా కురిసే వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. ఈశాన్య రుతుపవనాల కాలం అది. ఇక్కడివారు ఐప్పసి అడైమళై అంటారు, మనం ముసురు అంటాం. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయుధపూజ, దీపావళి తగ్గింపు ధరలూ వస్తాయి. నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో చదువుకు, ఉద్యోగానికి వచ్చిన మనవాళ్లు మొదటి ల్యాప్‌టాప్ కొనుక్కునేదీ, అద్దె ఇంట్లో ఇంటర్నెట్ పెట్టించుకునేదీ చాలావరకు అప్పుడే. సున్నితమైన సామాను ఇంట్లోకి వచ్చే నెలా, పిడుగులూ కరెంటు కోతలూ వచ్చే నెలా ఒకటే అన్నమాట. అందుకే అడిగినవారందరికీ నేను ఒకటే చెబుతాను: ఆయుధపూజ నాటికి కొనడం ముగించండి, మొదటి పెద్ద వానలోపు తీగల పని పూర్తిచేసుకోండి.

మేం మడిపాక్కంలో మొదటి అంతస్తులో ఉంటాం. కొన్నేళ్ల క్రితం ఒక అక్టోబరు సాయంత్రం ఉరుములు మొదలుకాగానే మా అమ్మాయి ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేసింది. రౌటర్ స్పైక్ గార్డుకు (వోల్టేజి ఒక్కసారిగా ఎగిసినప్పుడు సామానును కాపాడే ప్లగ్గు బోర్డుకు) పెట్టి ఉంది. ఇక భయం లేదనుకున్నాం. దగ్గరలో ఎక్కడో పిడుగు పడింది. రౌటర్ దీపాలు ఒక్కసారిగా ఆరిపోయాయి. లాన్ కేబుల్‌తో (ఇంటర్నెట్‌ను మోసే రాగి తీగతో) రౌటర్‌కు కలిపి ఉన్న ల్యాప్‌టాప్ కూడా ఆరిపోయింది, మళ్లీ వెలగలేదు. మరమ్మతు చేసే ఆయన దాన్ని విప్పి, లాన్ పోర్టు పక్కన మాడిన చిప్‌ను చూపించాడు. మదర్‌బోర్డు మార్చాలన్నాడు, ఖర్చు కొన్న ధరలో సగం. పిడుగుపాటుకు వారంటీ వర్తించదన్నారు. కరెంటు వచ్చే దారి మూశాం గానీ, డాబా మీది నుంచి దిగిన ఇంటర్నెట్ తీగను మరిచిపోయాం. అది రాగి తీగ.

ఆ రోజు నుంచి కొత్త కనెక్షన్ గురించి ఎవరు అడిగినా, వేగం సంగతి, నెల రుసుము సంగతి తరువాత, ముందు ఇంట్లోకి వచ్చే తీగ ఏమిటో తెలుసుకోమంటున్నాను. చాలా వీధుల్లో కేబుల్ ఆపరేటర్లు ఫైబర్‌ను భవనం డాబా వరకే తెస్తారు. అక్కడ ఒక స్విచ్ (ఇంటర్నెట్‌ను ఇళ్లకు పంచే పెట్టె) పెట్టి, దాని నుంచి ఒక్కో ఇంటికి లాన్ కేబుల్ దించుతారు. ‘ఫైబర్ కనెక్షనే సార్’ అని చెప్పడంలో అబద్ధం లేదు, కానీ మీ ఇంటికి చేరేది ఫైబర్ కాదు. గుర్తుపట్టడం తేలిక. తీగ చివర పారదర్శకమైన ప్లగ్గు, అందులో ఎనిమిది బంగారు రంగు పళ్లు కనిపిస్తే అది రాగి. సన్నని తీగ చివర ఆకుపచ్చగానో నీలంగానో చదరపు ప్లాస్టిక్ మూతి ఉంటే అది ఫైబర్. ఫైబర్ అంటే గాజు పోగు, దానిలో వెలుగు తప్ప విద్యుత్తు ప్రవహించదు. బలం కోసం దాని వెంట ఉక్కు తీగ వస్తే, ఆ ఉక్కును గోడ బయటే కత్తిరించి ఆపమని చెప్పండి. వచ్చిన పనివాడికి ఇది రెండు నిమిషాల పని, అడగకపోతే చేయడు.

ఇంటి లోపలి దాకా ఫైబర్ ఉంటే మరో లాభం కూడా ఉంది. దారి మధ్యలో వెలుగును ఇళ్లకు పంచే స్ప్లిటర్లకు కరెంటు అవసరం లేదు. మీ వీధి అంతా చీకటిలో ఉన్నా, ఆపరేటర్ కేంద్రంలో కరెంటు ఉండి, మీ ఇంట్లో ఫైబర్ వచ్చి చేరే చిన్న పెట్టె వెలుగుతూ ఉంటే ఇంటర్నెట్ వస్తుంది. డాబా మీది స్విచ్ అలా కాదు, భవనంలో కరెంటు పోగానే అదీ నిద్రపోతుంది. పైకి వెళ్లి ఒకసారి చూడండి. ఆ స్విచ్‌ను వాన నీరు కారే చోట ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టి ఉంటే, అక్టోబరుకు ముందే మూత ఉన్న పెట్టెలోకి మార్పించండి.

మీ భవనానికి రాగి తీగ తప్ప గతి లేకపోతే నియమం ఒక్కటే. మబ్బు పట్టగానే, ఉరుములు మొదలవకముందే గోడ ప్లగ్గుతో పాటు ఆ లాన్ కేబుల్‌ను కూడా రౌటర్ నుంచి ఊడదీయాలి. ల్యాప్‌టాప్‌ను వైఫై మీదే వాడండి, రౌటర్‌కు తీగతో కలపకండి. పిడుగు మరీ దగ్గరలో పడితే స్పైక్ గార్డు ఆపలేదు. ఎర్తింగ్ లేని ఇంట్లో అయితే దాని పని ఇంకా సగమే. అద్దె ఇంట్లో దిగిన వారమే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, మూడు రంధ్రాల సాకెట్లలో ఎర్త్ నిజంగా ఉందో లేదో చూపించుకోండి. ఇంటి యజమాని ‘ఉంది’ అంటే నమ్మి ఊరుకోకండి.

కరెంటు కోతలకు ఇన్వర్టర్ లేనివారు రౌటర్ కోసం చిన్న డీసీ యూపీఎస్ (కరెంటు పోతే రౌటర్‌ను నడిపే బ్యాటరీ పెట్టె) కొనుక్కోవచ్చు. సామర్థ్యాన్ని బట్టి రెండు నుంచి నాలుగు గంటలు నడుస్తుంది. కొనేముందు మీ రౌటర్ అడాప్టర్ మీద ఉన్న అక్షరాలు చదవండి. చాలావాటికి 12 వోల్టులు, కొన్నింటికి 9 వోల్టులు ఉంటాయి. ఆంపియర్లు 1 కావచ్చు, 1.5 కావచ్చు, 2 కావచ్చు. వోల్టులు సరిగ్గా కలవాలి, ఆంపియర్లు అంతే ఉండాలి లేదా ఎక్కువ ఉండాలి. ఫైబర్ పెట్టె, రౌటర్ వేరువేరుగా ఉంటే రెండింటికీ ఆధారం కావాలి. ఒక్క రౌటర్‌నే వెలిగించి ఇంటర్నెట్ ఎందుకు రావడం లేదని తల పట్టుకున్నవారిని చూశాను.

రౌటర్‌ను నేల మీద, కిటికీ పక్కన, టీవీ బీరువా లోపల పెట్టవద్దు. ఇంటి మధ్యలో, మనిషి ఎత్తున, గోడ అర మీద ఉంచండి. వైఫై రెండు బ్యాండ్లలో వస్తుంది: దూరపు గదికి 2.4 గిగాహెర్ట్జ్, దగ్గర కూర్చుని పని చేసేటప్పుడు 5 గిగాహెర్ట్జ్ వాడండి. అపార్టుమెంట్లలో పొరుగువారి వైఫైలన్నీ ఒకే ఛానెల్ మీద కొట్టుకుంటూ ఉంటాయి కాబట్టి 2.4లో 1, 6, 11 ఛానెళ్లలో ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకోండి. ఒక వీడియో తరగతికి నాలుగు ఎంబీపీఎస్ చాలు. చిన్న కుటుంబం 300 ఎంబీపీఎస్ ప్లాను కోసం అదనంగా కట్టే డబ్బును నేనైతే ఆ చిన్న యూపీఎస్ మీద పెడతాను.

పాస్‌వర్డు విషయంలో మాత్రం బద్ధకించకండి. కనెక్షన్ ఇచ్చే అబ్బాయి తొందరలో మీ మొబైల్ నంబరునే వైఫై పాస్‌వర్డుగా పెట్టి వెళ్తాడు. అది మీ భవనంలో సగం మందికి తెలుసు. అతను వెళ్లిన రోజే దాన్నీ, రౌటర్ లోపలి అడ్మిన్ పాస్‌వర్డునూ మార్చండి. భద్రత డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3లో ఉందో చూడండి, పాస్‌వర్డు లేకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపే డబ్ల్యూపీఎస్ అనే సదుపాయాన్ని ఆపేయండి. ఇరుగుపొరుగు అడిగితే ఇవ్వడానికి గెస్ట్ నెట్‌వర్క్ వేరుగా పెట్టండి.

ఇక ల్యాప్‌టాప్. మౌంట్ రోడ్డు పక్కన ఎలక్ట్రానిక్స్ బజారు రిచ్చీ స్ట్రీట్‌కు వెళ్లినా, ఆన్‌లైన్‌లో చూసినా, 40,000 రూపాయల దగ్గర కనబడేవన్నీ పైకి ఒకేలా ఉంటాయి. తేడా అంతా లోపలే. 8 జీబీ ర్యామ్ కనీసం ఉండాలి, అది తరువాత పెంచుకునేలా ఉండాలి. ‘ర్యామ్ బోర్డుకు అతికించి ఉందా, స్లాటు ఖాళీగా ఉందా’ అని దుకాణదారుని సూటిగా అడగండి. నిల్వ 512 జీబీ ఎస్ఎస్‌డీ అయితే మంచిది. ఈఎంఎంసీ (నెమ్మదిగా పనిచేసే చవక నిల్వ) అని ఉంటే ఎంత చవకైనా వదిలేయండి.

ప్రాసెసర్ పేరులోని పెద్ద అంకె చూసి మోసపోకండి. ఏఎండీ రైజెన్ 7000 వరుసలో అసలు సంగతి మూడో అంకెలో ఉంటుంది. 7520యూలో మూడో అంకె 2, అంటే దాని లోపలి నిర్మాణం 2019లో వచ్చిన జెన్ 2 తరానిది. పైగా దానితో వచ్చే ర్యామ్ బోర్డుకు అతికించే ఉంటుంది. 7530యూలో మూడో అంకె 3, అది దాని తరువాతి తరం జెన్ 3. పది అంకెల తేడాయే కదా అనిపిస్తుంది గానీ, నాలుగేళ్ల కళాశాల చదువులో ఆ తేడా ప్రతి రోజూ తెలుస్తుంది. తెర 1920×1080 ఉండాలి. పండుగ తగ్గింపుల్లో పాత సరుకు బయటికి వస్తుంది కాబట్టి పెట్టె మీద తయారీ నెల, సంవత్సరం చదవండి. బిల్లు మీద సీరియల్ నంబరు, ల్యాప్‌టాప్ అడుగున ఉన్న నంబరు ఒకటేనా అని దుకాణంలోనే సరిచూసుకోండి.

చెన్నైలో ఉండేవారు టైప్-సీతో ఛార్జ్ అయ్యే మోడల్‌ను ఎంచుకుంటే వానాకాలంలో కష్టం సగం తగ్గుతుంది. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో సుమారు 74 వాట్-అవర్ల శక్తి ఉంటుంది, 40 వాట్-అవర్ల బ్యాటరీని ఒకసారి పూర్తిగా నింపుతుంది. అయితే ఆ పవర్ బ్యాంకు కనీసం 45 వాట్లు ఇవ్వగలిగేదై ఉండాలి. మామూలు ఫోను పవర్ బ్యాంకుతో ఈ పని జరగదు.

వాడిన ల్యాప్‌టాప్ కొనేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆ తరువాతిది, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) ఐటీ కంపెనీలు మార్చేసిన ల్యాప్‌టాప్‌లు మార్కెట్‌లోకి వస్తాయి, వాటిలో మంచివీ ఉంటాయి. కానీ దుకాణంలోనే విండోస్‌ను మొదటి నుంచి పెట్టించి, మీ ఫోను హాట్‌స్పాట్‌కు కలిపి చూడండి. ఏదో సంస్థ పేరుతో లాగిన్ అడిగితే ఆ ల్యాప్‌టాప్ ఇంకా ఆ సంస్థ తాళం కిందే ఉంది. తిరిగి ఇచ్చేసి బయటికి రండి, ‘రేపు తీయించి ఇస్తాను’ అనే మాట వినకండి.

2015 డిసెంబరులో అడయారు పొంగినప్పుడు, 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు చెన్నైని ముంచినప్పుడు, నేల అంతస్తుల్లో నీళ్లు గంటల్లోనే పెరిగాయి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజే ముఖ్యమైన ఫైళ్లను బయటి హార్డ్ డిస్కులోకీ, క్లౌడ్‌లోకీ చేర్చండి. ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, వేడి తగ్గాక మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి అటక మీద ఉంచండి. ఎక్స్‌టెన్షన్ బోర్డులను నేల మీది నుంచి తీసేయండి. సాకెట్ల దాకా నీళ్లు వచ్చేలా ఉంటే మెయిన్ ఆపండి, నీళ్లలో నిలబడి మాత్రం దాన్ని ముట్టుకోవద్దు.

ల్యాప్‌టాప్ తడిస్తే పని చేస్తుందేమో చూద్దామని ఆన్ చేయకండి. నడుస్తూ ఉంటే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపండి, ఛార్జర్ తీసేయండి, తలక్రిందులుగా వంచి నీటిని కారనివ్వండి. బియ్యంలో పెట్టినా బోర్డు మీది మురికి నీటి ఉప్పు పోదు. వీలైనంత త్వరగా విప్పి శుభ్రం చేయించాలి. తడిసిన అడాప్టర్‌ను ఆరబెట్టి వాడకండి, పారేయండి. కరెంటు తిరిగి రాగానే కూడా ఏదీ ప్లగ్గులో పెట్టకండి. మొదటి కొన్ని నిమిషాల్లో వోల్టేజి ఎగిసిపడవచ్చు, లైటు నిలకడగా వెలిగేదాకా ఆగండి. అప్పుడు రౌటర్ పెట్టి చూస్తే ఎల్ఓఎస్ దీపం (ఫైబర్‌లో వెలుగు అందడం లేదని చెప్పేది) ఎర్రగా ఉంటే చాలావరకు మీ ఫైబర్ ఎక్కడో తెగి ఉంటుంది, రౌటర్‌ను ఎన్నిసార్లు ఆపి పెట్టినా లాభం లేదు. ఆపరేటర్‌కు ఫిర్యాదు చేయండి. తెగిన చివరను కంటికి దగ్గరగా పెట్టి మాత్రం చూడకండి, అందులోంచి వచ్చే వెలుగు కనబడదు గానీ కంటికి హాని చేయవచ్చు.