పెళ్లిలో మిగిలింది తినొచ్చా? పాలూ నెయ్యీ మానేసినవాళ్లకి నా పద్ధతి

విశాఖలో ఒక కల్యాణ మండపంలో లెక్కలు చూడటం నా ఉద్యోగం. పదకొండేళ్లయింది. పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు, తేనె మానేసి ఆరేళ్లు. ఈ రెండూ ఒకే మనిషికి తగిలితే ఒక చిక్కు వస్తుంది. రాత్రి పదకొండింటికి పెళ్లివారు వెళ్లిపోయాక వెనక వంటశాలలో అరగుండిగ పులావు, సగం బేసిన్ పనీర్ కూర, రెండు ట్రేల జాంగ్రీలు మిగిలి ఉంటాయి. తెల్లారితే చెత్తబండి ఎక్కుతాయి. "ఎలాగూ పారేసేదే కదా, నువ్వు తింటే గేదెకి కొత్తగా వచ్చే నష్టమేంటి?" అని నన్ను చాలామంది అడిగారు. వాళ్లకంటే ముందు నన్ను నేనే అడుక్కున్నాను.

ఆ ప్రశ్నలో బలం లేకపోలేదు. నాలా జంతువుల నుంచి వచ్చేవేవీ తిననివాళ్లని 'వీగన్' అంటారు, ఆ మాట 1944లో ఇంగ్లండులో పుట్టింది. ఆ తర్వాత అమెరికాలో 'ఫ్రీగన్' అన్నారు. పారేసిన తిండి ఏరుకుని తినేవాళ్లు వాళ్లు. అందులో కొందరు చెత్తలో దొరికితే జున్నూ మాంసమూ కూడా తింటారు. కొననప్పుడు గిరాకీ పెంచినట్టు కాదు, గిరాకీ పెరగకపోతే ఇంకో జంతువుకి కష్టం లేదు అన్నది వాళ్ల లెక్క. నేనూ లెక్కల మనిషినే కాబట్టి నచ్చింది. మొదటి ఏడాది ఒక సీజనంతా మిగిలిన పనీర్ తిన్నాను.

తర్వాత ఒక రాత్రి వంటమాస్టర్ మూత బిగించిన డబ్బా చేతిలో పెట్టాడు. "మీ కోసమే తీసి పెట్టాను సార్, వడ్డనకి వెళ్లకముందే." ఆ రెండు ముక్కలతో నా లెక్క తప్పింది. వడ్డనకి వెళ్లకముందే తీసింది మిగిలింది ఎలా అవుతుంది? పెళ్లివారు 400 ప్లేట్లు చెప్తే మాస్టర్ కొంచెం ఎక్కువే వండుతాడు, తక్కువైతే మాట పడాల్సింది ఆయనే. ఆ కొంచెం ఎంత అన్నది చెయ్యి ఆగే చోటుని బట్టి ఉంటుంది. మిగిలితే తీసుకెళ్లే మనిషి ఒకడు సిద్ధంగా ఉన్నాడని తెలిస్తే ఆ చెయ్యి ఆగదు. "పర్లేదులే, సార్ ఉన్నారుగా" అంటూ ఇంకో రెండు కిలోల పనీర్ పడుతుంది. గిరాకీ పుట్టడానికి డబ్బే ఇవ్వక్కర్లేదని నాకు ఆ డబ్బాతో తెలిసింది.

భీమిలి రోడ్డులో తొట్లకొండకి వెళ్లారా? కొండ మీద బౌద్ధ భిక్షువుల గదులు, రాతిలో తొలిచిన తొట్లు, భోజనశాల ఆనవాళ్లు 1988 నుంచి జరిగిన తవ్వకాల్లో బయటపడ్డాయి. భిక్ష మీద బతికే ఆ కాలపు సన్యాసులకి బుద్ధుడు పెట్టిన నియమం ఒకటి పాళీ గ్రంథాల్లో ఉంది. పెట్టిన మాంసం నీ కోసం చంపిందని చూడకూడదు, వినకూడదు, అనుమానం కూడా రాకూడదు. ఈ మూడూ దాటితేనే తినొచ్చు. మాస్టర్ డబ్బా ఇచ్చిన రాత్రి నేను చెవులారా విన్నాను, "మీ కోసమే" అని. ఇంక అనుమానం దాకా ఎందుకు?

అప్పట్నుంచి నేను పెట్టుకున్న పద్ధతి ఇది. మీకు పనికొస్తే తీసుకోండి.

మిగిలాక అడగడం కాదు, ముందే చెప్పాలి. వంట మొదలవ్వకముందు మాస్టర్ దగ్గరికి వెళ్లి, "పాలు, నెయ్యి తగిలింది చెత్తలో పడేసినా నాకొద్దు. పులిహోర, కూరలు ఏమైనా ఉంటే చివర్లో చూస్తాను" అంటాను. ఇదే మాట ప్రతి కొత్త మాస్టర్‌కీ చెప్తాను. మొదట్లో నవ్వుతారు. మూడో పెళ్లికి వాళ్లే, "సార్, ఇవాళ కుర్మాలో మీగడ పడింది, ముట్టుకోకండి" అని కేకేస్తారు.

రెండోది వరస. గిన్నెలు తోమే ఆడవాళ్లు, వడ్డన కుర్రాళ్లు, వాచ్‌మన్, వీళ్ల డబ్బాలు నిండాకే నేను నా డబ్బా తీస్తాను. జీతం వచ్చే మనిషిని, ఆదర్శం కోసం వాళ్ల నోటి దగ్గరది లాక్కోకూడదు. జాంగ్రీలూ పనీరూ వాళ్లు సంతోషంగా పట్టుకెళ్తారు, అవి వృథా కావు, నేను తినాల్సిన అవసరమూ రాదు. మరీ ఎక్కువ మిగిలితే పంచిపెట్టే సంస్థలకి ఫోన్ చేయించడం మేలు. మిగులు ఆహారం సేకరణకి, పంపిణీకి దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2019లోనే నిబంధనలు పెట్టింది. ఆ ఫోన్ వంట మిగిలిందని తెలిసిన నిమిషంలో చెయ్యాలి, పన్నెండింటికి చేస్తే ఎవరూ రారు, వచ్చినా ఏం లాభం?

ఇక ఏది తినొచ్చు? పెళ్లి పప్పులో నెయ్యి చాలాసార్లు విస్తట్లోనే పడుతుంది, గుండిగలో ఉండదు. కానీ అడక్కుండా నమ్మొద్దు, కొందరు పోపే నేతితో పెడతారు. పులిహోర, గారెలు, గోంగూర, ఆవకాయ, గుత్తివంకాయ సాధారణంగా నూనెతోనే చేస్తారు. బూరె పైకి అమాయకంగా కనిపిస్తుంది, లోపల పూర్ణంలో నెయ్యి ఉంటుంది. పులావు సంగతి వాసన చూసి చెప్పలేం. నెయ్యి వాసనొచ్చే డాల్డాలున్నాయి, వాసనే రాని నెయ్యీ ఉంది. డబ్బా చూపించమనండి. ప్యాకెట్ల విషయంలో ఒకటే మాట, శాకాహారమని చెప్పే పచ్చచుక్కని నమ్ముకోకండి. పాలపొడి ఉన్నా, తేనె ఉన్నా పచ్చచుక్కే ఉంటుంది. బ్రెడ్డు, బిస్కెట్ల వెనక 'మిల్క్ సాలిడ్స్' అనే రెండు మాటలు వెతకండి.

ఇప్పుడు అన్నం. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే. రెండేళ్ల కింద మే నెలలో ముహూర్తాలు ఒకదాని మీద ఒకటి. రాత్రి ఒంటిగంటకి తెల్లన్నం స్టీలు క్యారియర్‌లో కుక్కి, మూత బిగించి ఇంటికి తెచ్చాను. పొద్దున్న తీస్తే వాసన లేదు, తీగ సాగలేదు. నిమ్మకాయ పిండి చిత్రాన్నం చేసుకుని తిన్నాను. పదకొండు లోపల నాలుగు వాంతులు. తప్పు ఎవరిదీ కాదు, నా కక్కుర్తిది. ఉడికిన బియ్యంలో బతికి ఉండే ఒక సూక్ష్మజీవి ఉంది, బాసిల్లస్ సీరియస్. పేరులోనే సీరియస్ ఉంది చూడండి. అన్నం గోరువెచ్చగా ఉండిపోతే అది పెరిగి విషం వదులుతుంది. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. పెద్ద గుండిగలో అన్నం పైన చల్లారినట్టుంటుంది, మధ్యలో చెయ్యి పెడితే మూడు గంటల తర్వాత కూడా వెచ్చగానే తగులుతుంది. అదే దానికి కావాల్సింది. 5 డిగ్రీలకి పైన, 60కి కింద ఉన్న వండిన తిండికి రెండు గంటలే గడువు. మన ఎండాకాలంలో గంటే అనుకోండి. ఇప్పుడు నేను గుండిగ మధ్యకి పొడుగు గరిటె దించి, పైకి తీసిన అన్నం దగ్గర చేతి వెనక పెట్టి చూస్తాను. పొగ వస్తూ చెయ్యి కాలితే తీసుకుంటాను. ఇంటికెళ్లగానే వెడల్పు పళ్లెంలో పలచగా పరిచి, ఫ్యాను కింద చల్లార్చి ఫ్రిజ్‌లో పెడతాను. వెచ్చవెచ్చగా ఉంటే అక్కడే వదిలేస్తాను, ఎంత బాధేసినా.

మండపాల్ని తిట్టడం అందరికీ తేలిక. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల తిండి వృథా అయింది, అందులో 60 శాతం ఇళ్లలోదే. మా వృత్తిని వెనకేసుకొస్తున్నాననుకోకండి, మా ఇంటి ఫ్రిజ్‌లో అడుగు అర సంగతి నాకు తెలుసు కాబట్టి చెప్తున్నాను.

వండిన తిండితో పెట్టుకోలేమనుకుంటే రైతు బజారుకి వెళ్లండి. అది సులువు, ప్రమాదమూ తక్కువ. నేను ఎంవీపీ కాలనీ రైతు బజారుకి మూసేవేళకి వెళ్తాను. దళారీ లేకుండా రైతే అమ్ముకోవాలని 1999లో ఇవి మొదలయ్యాయి. అమ్ముడుపోనిది వెనక్కి మోసుకెళ్తే రైతుకి బస్సు చార్జీ దండగ. కాలీఫ్లవర్ ఆకులు, కాడలు, ముల్లంగి ఆకు, ఒకవైపు మెత్తబడ్డ టమాటాలు గుట్టగా పడుంటాయి. మొదటిసారి ఏరుతుంటే ఒకావిడ, "ఏటి బాబూ, ఆవుకా?" అంది. సిగ్గేసి అవునన్నాను. నెల్లాళ్లు అబద్ధంతోనే నడిపాను. ఆవిడ మట్టీ గడ్డీ కలిపి సంచిలో పోసేది. చివరికి, "నేనే తింటానమ్మా" అంటే నోరు నొక్కుకుంది. "ముందే సెప్పొచ్చు గదా బాబూ, కింద పడిందంతా ఎత్తి ఇచ్చీసేను!" అప్పట్నుంచి మంచి కాడలు వేరుగా పెట్టి పది రూపాయలు తీసుకుంటోంది.

ఇక్కడా "నీ కోసమే" అన్న మాటే ఉంది, గమనించారా? కానీ ఇక్కడ నాకు ఇబ్బంది లేదు. నేను అడగడం వల్ల ఆవిడ ఇంకో పది కాలీఫ్లవర్లు పండిస్తే పండించనీ. పనీర్ దగ్గర నన్ను ఆపిన కారణమే ఇక్కడ పది రూపాయలు ఇప్పిస్తోంది. గేటు దగ్గర నిజంగానే నాలుగు ఆవులు నిలబడి ఉంటాయి, పాలు పిండుకుని రోడ్డు మీదకి వదిలేసినవి. వాటి వాటా ఆకులు వదిలి కాడలే తెస్తాను.

ఆ కాడలతో ఆవ పెట్టిన కూర చెయ్యండి. పైన నార చాకుతో గీకేసి, అంగుళం ముక్కలు కోసి, పసుపు, ఉప్పు వేసి మెత్తగా ఉడికించాలి. చెంచాడు ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, నానబెట్టిన గుప్పెడు బియ్యం కలిపి రుబ్బుకోండి. పోపులో ముక్కలు వేగాక చింతపండు రసం పోసి దగ్గరపడనిచ్చి, పొయ్యి ఆర్పేసి, అప్పుడు ఆవముద్ద కలపాలి. పొయ్యి మీదే కలిపితే చేదెక్కుతుంది.

ఏరేటప్పుడు చూడాల్సినవి: బూజు పట్టిన టమాటా మొత్తం పారేయాలి, కోసి మిగతాది దాచుకోవద్దు. గట్టి క్యాబేజీ అయితే బూజు చుట్టూ అంగుళం కోసేస్తే చాలు. పచ్చబడిన బంగాళాదుంప వద్దు. బూజు వాసనొచ్చే వేరుశనగ పప్పులు ఉచితంగా ఇచ్చినా ముట్టుకోకండి, వేయించినా ఆ బూజు వదిలిన విషం పోదు.

ఇంట్లో ఇంకో అడ్డంకి ఉంటుంది. మా అమ్మ మొదట్లో నా డబ్బా చూసి, "ఊళ్లోవాళ్ల ఎంగిలి ఇంట్లోకి తెస్తావేంట్రా?" అని వీధి గుమ్మంలోనే ఆపేసింది. ఆవిడతో వాదించలేదు. విస్తట్లో మిగిలింది ఎంగిలి, అది నేనూ తినను. గరిటె తప్ప ఏదీ తగలని గుండిగలోది ఎంగిలి ఎలా అవుతుందని ఒకసారి మండపానికే తీసుకెళ్లి చూపించాను. స్టూలేసుకుని గంటసేపు వంటశాలంతా చూసింది. వచ్చేటప్పుడు పులిహోర డబ్బా తనే పట్టుకుంది, ఆటోలో వేడి తగ్గకుండా పైట కొంగు చుట్టి. ఇంటికెళ్లాక పళ్లెంలో పరచమని తొందరపెట్టింది కూడా ఆవిడే.